ఒక్క ఓపీజీ చూసి ముందు పన్ను పీకించకండి మాస్టారూ: వేరు కరగడం ఎక్స్‌రేలో ఎలా పట్టుకుంటామంటే

మాస్టారూ నమస్తే. మీరు రాసింది రెండుసార్లు చదివా. నాకు అర్థమైంది ముందు చెప్తా, ఎక్కడైనా తప్పుంటే సరిచేయండి. మీది పర్లాకిమిడి, పెద్దపాపకి 16 ఏళ్ళు. పన్నెండో ఏట సైకిల్ మీంచి పడితే పైన ముందు పన్ను, ఎడమది, బాగా కదిలిపోయింది, ఎవరో డాక్టరుగారు తీగ కట్టి మూడు వారాలకి విప్పేశారు, నొప్పి పోయింది కదా అని మళ్ళీ ఎవరికీ చూపించలేదు. తర్వాత ఏడాదిన్నరగా క్లిప్పులు. ఇప్పుడు క్లిప్పులు తీసేముందు ఓపీజీ (పళ్ళన్నీ ఒకే ఫొటోలో వచ్చే పెద్ద ఎక్స్‌రే) తీయిస్తే రిపోర్టులో 21వ నంబరు పన్నుకి, అంటే ఆ ఎడమ ముందు పన్నుకే, ఇంటర్నల్ రూట్ రిసార్ప్షన్ (వేరు లోపల్నించి కరగడం) అని రాశారు. ఒక డాక్టరు పీకేసి ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) వేద్దాం అన్నారు, ఇంకొకరు రేపే రూట్ కెనాల్ అన్నారు, మూడో ఆయన సీబీసీటీ (పళ్ళకీ దవడకీ తీసే త్రీడీ స్కాన్) తీయించుకుని రండి అన్నారు. పాపకి నొప్పి లేదు. ఓపీజీ చాలదా, సీబీసీటీ రేడియేషన్ ఆడపిల్లకి ప్రమాదమా, పన్ను దక్కుతుందా లేదా, ఏడేళ్ళ చిన్నపాపకీ పళ్ళు కదుల్తున్నాయి ఇది వంశంలో వచ్చేదా... ఇవీ మీ ప్రశ్నలు.

నేను బరంపురంలో 23 ఏళ్ళుగా పళ్ళ డాక్టర్ని, ఎక్కువగా రూట్ కెనాల్ పనే చేస్తా, మీ వైపు నుంచి గుణుపురం నుంచి రాయగడ నుంచి కూడా జనం వస్తుంటారు. పాపని చూడకుండా రోగం పేరు చెప్పను, కానీ ఏ వరసలో ఏం చూడాలో మాత్రం గట్టిగా చెప్పగలను. ముందు ఒక్క మాట: ఇప్పుడే పీకించకండి, రేపే రూట్ కెనాల్ కూడా వద్దు, అలాగని నొప్పి లేదు కదా అని ఆర్నెల్లు ఊరుకోకండి. ఈ రెండు మూడు వారాల్లో తేల్చుకోవాల్సింది ఒకటే, ఆ కరుగుడు పన్ను లోపల మొదలైందా బయట మొదలైందా అని. అది తేలకుండా చేసే ఏ వైద్యమైనా చీకట్లో చెయ్యి పెట్టినట్టే.

అసలిది ఏంటో కొంచెం చెప్తా, ఎందుకంటే మన వైపు పన్నుకి ఏం జరిగినా పురుగు పట్టింది అనేస్తారు, ఒడియా వాళ్ళైతే పోక అంటారు, మొన్న ఒకావిడ ఎక్స్‌రే చూసి "ఏటి బాబూ, పురుగు లోపల్నించి తినేస్తందా" అని అడిగింది. పుచ్చు అంటే పైనుంచి బ్యాక్టీరియా యాసిడ్ తయారుచేసి పన్నుని కరిగించడం. రిసార్ప్షన్ అది కాదు. మన ఒంట్లో పాత ఎముకని తీసేసి కొత్త ఎముకకి చోటు చేసే కణాలు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి, అవి ఎముకని తింటాయి గానీ పంటి వేరు జోలికి రావు, ఎందుకంటే వేరుకి బయట సిమెంటం పొర, లోపల నరం ఉండే కాలవ గోడకి ఇంకా గట్టిపడని డెంటిన్ పొర కాపలా కాస్తుంటాయి. దెబ్బ తగిలో, బలం ఎక్కువై ఒత్తుకునో, చీము పట్టో ఆ పొర చెదిరిందంటే ఆ కణాలకి వేరు కూడా ఎముకలాగే కనిపిస్తుంది, తినడం మొదలెడతాయి. పాపకి దెబ్బా ఉంది, క్లిప్పులూ ఉన్నాయి, అంటే రెండు కారణాలూ ఒకే పంటి మీద పడ్డాయి. చాక్లెట్లు తినడం వల్లో, సరిగ్గా తోముకోకపోవడం వల్లో వచ్చింది కాదిది, గుడాకు (పళ్ళకి రాసుకునే పొగాకు ముద్ద) వేసేవాళ్ళకి వచ్చే జబ్బు అంతకన్నా కాదు, కాబట్టి ఇంట్లో పిల్లని ఎవరూ తిట్టకండి. నొప్పి కూడా చాలామందికి ఉండదు, అదే దీనితో వచ్చిన చిక్కు, అందుకే వేరే దేనికో ఎక్స్‌రే తీస్తే బయటపడుతుంది.

ఇంక ఓపీజీ సంగతి. ఓపీజీ మెషీన్ తల చుట్టూ తిరుగుతూ ఫొటో తీస్తుంది కదా, అది దవడ ఆకారంలో ఉన్న ఒక వంపు పొరలో ఉన్నవాటినే స్పష్టంగా పడుతుంది, పొరకి ముందో వెనకో ఉన్నవి మసకబారతాయి. ఆ పొర ముందు పళ్ళ దగ్గరే అన్నిటికన్నా సన్నం. పాప గడ్డం రెండు మూడు మిల్లీమీటర్లు అటో ఇటో పెట్టినా ముందు పళ్ళు మారిపోతాయి. పైగా మెడ వెన్నుపూస నీడ సరిగ్గా అక్కడే పడుతుంది, సైజు కూడా ఉన్నదానికన్నా 20 నుంచి 30 శాతం పెద్దగా కనిపిస్తుంది. జ్ఞానదంతం ఎటు వాలింది, కోరపన్ను ఎక్కడ ఇరుక్కుంది, మొత్తం ఎముక ఎలా ఉంది అని చూడ్డానికి ఓపీజీ మంచిదే, నేనూ రాస్తా. కానీ ముందు పన్ను వేరులో చిన్న గుంట లోపలా బయటా అని ఓపీజీ మీద రాయడం అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ రిపోర్టులో ఇంటర్నల్ అన్న మాటని అనుమానంగానే తీసుకోండి, తీర్పుగా కాదు.

మొదట కావాల్సింది చిన్న ఫిల్మ్. ఐఓపీఏ అంటారు, ఇప్పుడు చాలా క్లినిక్కుల్లో సెన్సర్ మీదే తీస్తారు కాబట్టి ఆర్‌వీజీ అంటే అర్థమైపోతుంది. వందల్లో అయిపోతుంది, మీ ఊళ్ళోనే దొరుకుతుంది. కానీ ఒకటి కాదు, రెండు తీయమనండి. ఒకటి నేరుగా, రెండోది ట్యూబ్‌ని ఓ 15, 20 డిగ్రీలు పక్కకి జరిపి. ఇది కొత్త సంగతేం కాదు, దవడ లోపల దాగిన పన్ను ముందుందా వెనకుందా తేల్చే ఈ పద్ధతిని 1910లోనే క్లార్క్ రాసిపెట్టాడు, ఈ రోజుకీ పనికొస్తుంది.

ఎలా పనిచేస్తుందో మీకు సులువుగా చెప్తా. మీరు విశాఖ నుంచి ఇటు బరంపురం రైల్లో వచ్చే ఉంటారు. పలాస దాటి మందస దగ్గరకొచ్చేసరికి ఎడమ కిటికీలోంచి చూడండి, పట్టాల పక్కన ఉద్దానం కొబ్బరిచెట్లు వెనక్కి పరిగెడతాయి, దూరంగా మహేంద్రగిరి మాత్రం మనతోపాటే వస్తున్నట్టుంటుంది. ఎక్స్‌రే ట్యూబ్ ఆ రైలు. ట్యూబ్ ఎటు జరిగితే నల్లమచ్చ (వేరు కరిగిన చోటు ఎక్స్‌రేలో అలా పడుతుంది) కూడా అటే జరిగిందంటే అది దూరంగా ఉన్న కొండ, అంటే వేరుకి అంగిలి వైపు. మచ్చ ఎదురు దిక్కుకి జరిగిందంటే దగ్గరి కొబ్బరిచెట్టు, అంటే పెదవి వైపు. రెండు ఫొటోల్లోనూ కాలవని వదలకుండా దాని మధ్యలోనే కూర్చుందంటే అది లోపలిది. ఇంతే. అయిదు నిమిషాల పని, దీని మీద పన్ను బతుకు ఆధారపడి ఉంటుంది.

ఆకారం కూడా చెప్తుంది. నిజంగా లోపల్నించి కరిగితే పాము కప్పని మింగినట్టు ఉంటుంది, సన్నటి కాలవ మధ్యలో ఒక చోట ఉబ్బి, అంచు నున్నగా, రెండు పక్కలా ఇంచుమించు సమానంగా, ఆ ఉబ్బులో కాలవ గోడ గీతలు కనిపించవు, ఎందుకంటే గోడే కరిగిపోయింది. బయట నుంచి కరిగినదైతే అంచు చెద తిన్న కర్రలాగా వంకరటింకరగా ఉంటుంది, నలుపు ఒకే రకంగా ఉండదు, అన్నిటికన్నా ముఖ్యం, ఆ నలుపులోంచి కూడా కాలవ తాలూకు రెండు సన్నటి తెల్లగీతలు తెగకుండా కిందికి దిగుతుంటాయి, మబ్బు ముందు కరెంటు తీగల్లా. నా దగ్గరికొచ్చే జూనియర్లకి నేను చెప్పేది ఒకటే, మచ్చని చూడకండి, ముందు ఆ గీతల్ని వెతకండి అని.

నా తప్పొకటి చెప్పాలి ఇక్కడ, మీకు ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానో అర్థమవుతుంది. ప్రాక్టీసు పెట్టిన మూడో ఏడు, గుణుపురం నుంచి ఓ ముప్పై ఏళ్ళ ఆయన వచ్చారు, పై ముందు పన్నే, చిగురు దగ్గర గులాబీ రంగు మచ్చ. చదువుకునేటప్పుడు గులాబీ మచ్చ అంటే లోపలి కరుగుడు అనే నూరిపోశారు, 1920 నుంచి మమ్మరీ గారి పేరు మీద ఉన్న పాఠం అది. ఒకే ఒక్క ఫిల్మ్ తీశా, మధ్యలో గుండ్రంగా నలుపు కనిపించింది, ఇంటర్నల్ అని నిర్ణయించేసి పన్ను తెరిచా. లోపల నరం శుభ్రంగా బతికుంది, కాలవ మామూలు సన్నం కాలవే. గుంట అంగిలి వైపు, బయట, చిగురు కింద ఉంది, ఫిల్మ్‌లో కాలవ మీద పడి ఒకటిగా కనిపించిందంతే. బతికున్న నరాన్ని నేను అనవసరంగా తీశాను. తర్వాత చిగురు విప్పి ఆ గుంట శుభ్రం చేసి పూడ్చా, పన్ను తొమ్మిదేళ్ళు ఉంది, ఆయన నన్నేమీ అనలేదు, కానీ ట్యూబ్ కాస్త జరిపి రెండో ఫిల్మ్ తీసుంటే ఆ రోజే తెలిసేది. గులాబీ మచ్చ చాలాసార్లు ఈ బయటి నుంచి పంటి మెడ దగ్గర, అంటే చిగురు అంచు దగ్గర దూరే రకంలోనే వస్తుందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు.

ఫిల్మ్ ఒక్కటే చాలదు, చేత్తో చూడాల్సినవి ఉన్నాయి, ఇవి చేయని చోట తీసిన ఎక్స్‌రే సగం చదువే. చల్లటి స్ప్రే దూదికి కొట్టి పంటికి తగిలించి చూడాలి, పక్క పన్నుతో పోల్చాలి, నరం బతికుందా చచ్చిందా అన్న అంచనా అక్కడ వస్తుంది (దెబ్బ తగిలిన పంట్లో ఈ పరీక్ష ఒక్కోసారి మోసం చేస్తుంది, అందుకే ఒక్కసారి చూసి వదలకూడదు). అద్దం పిడితో మెల్లగా తట్టి వినాలి, మామూలు పన్ను మెత్తగా మోగుతుంది, వేరు ఎముకలో అతుక్కుపోయిన పన్ను ఇత్తడి చెంబుని తట్టినట్టు టంగుమంటుంది, అసలు కదలదు. క్లిప్పులు వేసి ఏడాదిన్నరైనా ఆ ఒక్క పన్నే కిందికి దిగకుండా మొండికేసి పొట్టిగా కనిపిస్తోందా అని క్లిప్పుల డాక్టరుగారిని అడగండి, అది కూడా అతుక్కుపోయిందనడానికి పెద్ద గుర్తు. చిగురు చుట్టూ సన్న ప్రోబ్‌తో (లోహపు పుల్లలాంటి పరికరం) తడమాలి, బయటి గుంటైతే ప్రోబ్ ఒకచోట జారి లోపలికి పడుతుంది, అడుగు గట్టిగా ఉంటుంది, అంచు పదునుగా తగులుతుంది, రక్తం బాగా వస్తుంది. పుచ్చైతే అడుగు మెత్తగా, అంటుకున్నట్టు ఉంటుంది. ఇవన్నీ కలిపి పది నిమిషాలు.

ఇంకోటి, పాత ఫిల్ములు. ఇది ఎవరూ పట్టించుకోరు గానీ నా లెక్కలో కొత్త స్కాన్ కన్నా పాత ఫిల్మే ఒక్కోసారి ఎక్కువ చెప్తుంది. క్లిప్పులు వేసేముందు ఓపీజీ తీసే ఉంటారు, దెబ్బ తగిలినప్పుడు చిన్న ఫిల్మ్ ఏదైనా తీశారేమో, ఫోన్లో ఫొటో అయినా వెతకండి. ఏడాదిన్నర కిందటే ఈ మచ్చ ఉండి ఇప్పటికీ అంతే ఉంటే ఒక కథ, అప్పుడు లేకుండా ఇప్పుడు వేరు మూడో వంతు పోయి ఉంటే పూర్తిగా వేరే కథ. ఎంత పోయింది అన్నదానికన్నా ఎంత వేగంగా పోతోంది అన్నదే నన్ను భయపెడుతుంది.

లేనిది ఉన్నట్టు కనిపించే సందర్భాలు కూడా చెప్పాలి. ట్యూబ్ పైకి ఎక్కువ వంచి తీస్తే వేరు పొట్టిగా పడుతుంది, మధ్యాహ్నం ఎండలో మన నీడ పొట్టిగా పడ్డట్టు, ఒకమ్మాయికి ఇలా తీసిన ఫిల్మ్ చూసి క్లిప్పుల వల్ల వేర్లన్నీ కరిగిపోయాయని ఇంట్లో వాళ్ళు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, హోల్డర్ పెట్టి సరిగ్గా తీస్తే వేర్లు పొడుగ్గా నిక్షేపంలా ఉన్నాయి. ఒకటి గమనించండి, పొట్టిగా పడిన ఫిల్మ్‌లో పన్ను పైభాగం (నోట్లో బయటికి కనిపించేది) కూడా పొట్టిగానే పడుతుంది, నిజంగా కరిగితే పైభాగం మామూలుగా ఉండి వేరు ఒక్కటే తగ్గుతుంది. ముందు పళ్ళ మధ్య అంగిలి ఎముకలో సహజంగా ఒక రంధ్రం ఉంటుంది, దాని నీడ వేరు మీద పడితే గుంటలా కనిపిస్తుంది, కింద చిన్న దవడ పళ్ళ దగ్గర నరం బయటికొచ్చే రంధ్రం కూడా అంతే. చిగురు దగ్గర పక్కల్లో కనిపించే నల్లటి నీడ చాలాసార్లు ఎక్స్‌రే చేసే మాయ, రోగం కాదు. ఇవన్నీ కూడా ట్యూబ్ జరిపితే తేలిపోతాయి, నీడలు పక్కకి తప్పుకుంటాయి.

ఇప్పుడు సీబీసీటీ. మూడో డాక్టరుగారు చెప్పింది తప్పు కాదు, నిజానికి మీరు చెప్పిన ముగ్గురిలో ఆయన దారే నా దారికి దగ్గర. రెండు ఫిల్ములు లోపలా బయటా అని చెప్తాయి గానీ ఎంత లోతు, వేరు చుట్టూ ఎంత తిరిగింది, కాలవలోకి చిల్లు పడిందా, దూరిన ద్వారం ఏ పక్కన ఉంది అన్నది చదునైన ఫొటో చెప్పలేదు. అరటిపండు తొక్క తీయకుండా లోపల ఎక్కడ కుళ్ళిందో చెప్పమన్నట్టు ఉంటుంది అది. సీబీసీటీ ఆ పంటిని అడ్డంగా నిలువుగా పలచటి ముక్కలు కోసి చూపిస్తుంది. అమెరికాలోని ఎండోడాంటిస్టుల సంఘం, నోటి రేడియాలజిస్టుల సంఘం కలిసి 2015లో ఇచ్చిన ప్రకటనలో కూడా రిసార్ప్షన్ లోపలిదా బయటిదా తేల్చడానికీ వైద్యం నిర్ణయించడానికీ చిన్న ఏరియా సీబీసీటీనే ఎంచుకోమన్నారు. పంటి మెడ దగ్గర దూరే రకాన్ని 1999లో హైదర్సే అనే ఆస్ట్రేలియా డాక్టరు నాలుగు తరగతులుగా విడదీశాడు, అది మామూలు ఫిల్ముల కాలం, 2018లో పటేల్ బృందం సీబీసీటీ మీద ఎత్తు, చుట్టుకొలత, కాలవకి ఎంత దగ్గర అని మూడు కొలతలతో కొత్తగా విడదీసింది, ఇప్పుడు నేను ఆ లెక్కే రాస్తా, ఎందుకంటే పన్ను దక్కుతుందా లేదా అన్నది ఆ చుట్టుకొలత మీదే చాలావరకు తేలుతుంది.

రేడియేషన్ గురించి మీ భయం సబబే, పిల్లల విషయంలో అడగాల్సిన ప్రశ్నే. ఏ ఎక్స్‌రే తీయకపోయినా నేల నుంచీ గాలి నుంచీ ఆకాశం నుంచీ మనందరికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు (రేడియేషన్ కొలత, ఒక మిల్లీ అంటే వెయ్యి మైక్రోలు) పడుతుంది, అది ప్రపంచ సగటు, అంటే రోజుకి ఆరున్నర మైక్రోసీవర్టుల దాకా. చిన్న ఫిల్మ్ ఒకటి దాదాపు ఒక రోజు లెక్క, అంతకన్నా తక్కువే కూడా. చిన్న ఏరియా సీబీసీటీ మెషీన్‌ని బట్టి ఓ 20 నుంచి 100 మైక్రోసీవర్టులు అనుకోండి, మూడు రోజుల నుంచి రెండు వారాల లెక్క. కానీ అదే మెషీన్లో మొత్తం తల తీస్తే కొన్ని వందలకి పోతుంది, ఇక్కడే జాగ్రత్త. చాలా సెంటర్లలో అడక్కపోతే రెండు దవడలూ కలిపి పెద్దది తీసేస్తారు, పెద్దది తీస్తే మంచిదేగా అనుకుంటారు మనవాళ్ళు, కాదు, డోసు పెరుగుతుంది, పైగా పెద్ద ఏరియాలో ముక్కలు ముతకగా వస్తాయి, మనకి కావాల్సిన చిన్న గుంట అందులో పోతుంది. కాబట్టి చీటీ మీద రాయించుకోండి: పై దవడ ముందు భాగం మాత్రమే, 5 బై 5 సెంటీమీటర్లు లేదా అంతకన్నా చిన్నది, వాక్సెల్ (స్కాన్ ఫొటోలో అతి చిన్న చుక్క సైజు) 0.1 మిల్లీమీటర్ దగ్గర. మెషీన్‌కి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) లైసెన్సు ఉందా అని కూడా అడగండి, అడగడం మీ హక్కు. తీసేటప్పుడు పాప తల అస్సలు కదలకూడదు, కదిలితే గీతలు రెండుగా పడి మళ్ళీ తీయాల్సి వస్తుంది, ముందే ఇంట్లో చెప్పి పంపండి. ఇంకోటి, పళ్ళ మీద లోహం ఉంటే స్కాన్లో నల్లటి చారలు పడతాయి, అవి అచ్చం కరిగిన గుంటలాగే మోసం చేస్తాయి, అందుకే క్లిప్పుల బ్రాకెట్లూ తీగా తీసేశాకే స్కాన్ చేయించడం మేలు, ఎలాగూ తీసే సమయమే కదా.

స్కాన్ అయ్యాక ప్రింటు వేసిన షీటు ఇచ్చి పంపేస్తారు, దానితో సరిపెట్టుకోకండి. సీడీ అయినా పెన్‌డ్రైవ్ అయినా డైకామ్ ఫైళ్ళు (స్కాన్ తాలూకు అసలు ఫైళ్ళు) కావాలని అడిగి తీసుకోండి. షీటు మీద వాళ్ళు ఎంచిన పది పదిహేను ముక్కలే ఉంటాయి, ఫైళ్ళుంటే ఏ డాక్టరైనా తన కంప్యూటర్లో తనకి కావాల్సిన కోణంలో తిప్పి చూసుకుంటాడు. గుణుపురం బండెక్కి విశాఖ వెళ్ళినా, బస్సులో బరంపురం వచ్చినా, అవతల భువనేశ్వర్ పోయినా ఆ ఒక్క సీడీ పనికొస్తుంది, ఊరూరా మళ్ళీ మళ్ళీ తీయించే పని తప్పుతుంది.

ఇంక తేలాక ఏంటి అంటే. నిజంగా లోపలిదే అయితే రెండో డాక్టరుగారు చెప్పిందే సరైన వైద్యం, రూట్ కెనాల్, అదీ ఆలస్యం లేకుండా, ఎందుకంటే లోపలి కరుగుడు నడవాలంటే బతికున్న నరం కావాలి, నరం తీసేస్తే ఆగిపోతుంది, గోడకి చిల్లు పడకముందే దొరికితే పన్ను చాలా ఏళ్ళు ఉంటుంది. చిల్లు పడితే ఎంటీఏ లాంటి సిమెంటుతో పూడ్చి కాపాడే అవకాశం ఉంది. దెబ్బ వల్ల నరం చచ్చి, అందులో ఇన్ఫెక్షన్ వల్ల వేరు బయట పక్కల్లో గిన్నెల్లాంటి గుంటలు, వాటి పక్కన ఎముకలో కూడా నలుపు ఉంటే దానికీ రూట్ కెనాలే, మధ్యలో కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెడతాం, ఎక్కువసార్లు ఆగుతుంది. పంటి మెడ దగ్గర బయట నుంచి దూరిన రకమైతే నరం బతికే ఉండొచ్చు, అప్పుడు చిగురు విప్పి బయటి నుంచే శుభ్రం చేసి పూడుస్తారు, కాలవ జోలికి వెళ్ళాలా లేదా అన్నది స్కాన్ చెప్తుంది. క్లిప్పుల వల్ల వేరు కొస మాత్రమే మొద్దుబారి, వేరుకీ ఎముకకీ మధ్య ఎక్స్‌రేలో కనిపించే సన్నటి నల్లగీత చెదరకుండా ఉంటే ఏమీ చేయక్కర్లేదు, బలం ఆగితే అదీ ఆగుతుంది. వేరు ఎముకలో కలిసిపోయి మధ్యలో ఉండాల్సిన ఆ నల్లగీతే మాయమైతే మాత్రం దాన్ని ఆపే మందు లేదు, అది మెల్లగా ఎముకగా మారిపోతూ ఉంటుంది, కానీ మెల్లగా అన్న మాట గుర్తుపెట్టుకోండి, పెద్దయ్యేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది.

అందుకే మొదటి డాక్టరుగారి మాట దగ్గర నాకు అభ్యంతరం. 16 ఏళ్ళకి ఇంప్లాంట్ వేయకూడదు మాస్టారూ. దవడ ఇంకా ఎదుగుతుంది, పక్క పళ్ళు ఎముకతో పాటు కిందికి దిగుతాయి, ఇంప్లాంట్ దిగదు, నాలుగైదేళ్ళకి ఆ పన్ను పైకి పోయినట్టు కనిపిస్తుంది. పీకేస్తే ఆ నాలుగైదేళ్ళలో ముందు ఎముక పలచబడిపోతుంది, అప్పుడు ఇంప్లాంట్‌కి కావాల్సిన ఎముకే ఉండదు. సగం కరిగిన వేరైనా సరే ఎముకని నిలబెట్టి ఉంచుతుంది. పన్ను చివరికి దక్కకపోయినా, ఎదుగుదల ఆగేదాకా దాన్ని నిలబెట్టడమే పాపకి చేసే పెద్ద మేలు. చీము పట్టి ఆగకుండా కారుతుంటే, వేరు విరిగిపోతే, అప్పుడు వేరే మాట.

క్లిప్పుల డాక్టరుగారి మీద కోపం పెట్టుకోకండి, కానీ ఈ రిపోర్టు వెంటనే చూపించి ఆ పంటి మీద బలం ఆపేయమనండి, తేలేదాకా తీగ బిగించొద్దు. క్లిప్పులు వేశాక ఆర్నెల్ల నుంచి ఏడాది లోపు ముందు పళ్ళకి చిన్న ఫిల్మ్ తీసి చూడాలి, దెబ్బ తగిలిన పన్నైతే మరీ జాగ్రత్తగా. దెబ్బ తర్వాత కూడా అంతే, 2020 అంతర్జాతీయ దంత గాయాల మార్గదర్శకాల్లో ఇలా గట్టిగా కదిలిన పంటిని మొదటి ఏడాదిలోనే చాలాసార్లు, తర్వాత ఏటా కనీసం ఐదేళ్ళు చూడమన్నారు. నొప్పి తగ్గింది కదా అని వదిలేసిన ఆ నాలుగేళ్ళు మీ ఒక్కరివే కాదు, నా దగ్గరికొచ్చే పదిమందిలో తొమ్మిది మందిది అదే కథ, ఎవరో ఒకరు అప్పుడు మీకు చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. మీ బళ్ళో పిల్లలెవరైనా ఆడుకుంటూ పన్ను కదుపుకుంటే మాత్రం ఇప్పుడు మీకు తెలుసు కాబట్టి ఇంట్లో వాళ్ళకి మీరు చెప్పండి.

చిన్నపాప గురించి. ఏడేళ్ళకి పాలపళ్ళు కదలడం వంశం కాదు, జబ్బు కాదు. పాలపంటి వేరు కరగడం సహజమే, కింద నుంచి కొత్త పన్ను వస్తుంటే అవే కణాలు పాత వేరుని కరిగించి దారి ఇస్తాయి, అందుకే ఊడిన పాలపంటికి వేరు కనిపించదు. ఆ పిల్లకి ఇప్పుడు ఎక్స్‌రే అవసరం లేదు. కానీ ఒకటి చేయండి, రాయగడ నుంచి వచ్చిన ఓ పదమూడేళ్ళ అబ్బాయిని చూశాక ఈ మాట అందరికీ చెప్తున్నా, వాడికి పై కోరపన్ను రాకుండా లోపల అడ్డంగా పడుకుని పక్క పన్ను వేరుని అంగిలి వైపు నుంచి మూడో వంతు తినేసింది, ఓపీజీలో ఆ వేరు శుభ్రంగా కనిపించింది, స్కాన్లోనే దొరికింది. మీ చిన్నపాపకి తొమ్మిదీ పదేళ్ళు వచ్చాక పై పెదవి ఎత్తి, చిగురు మీద ముందు నాలుగు పళ్ళకి రెండు పక్కలా చూపుడువేలితో తడమండి, కోరపన్ను ఉబ్బు గట్టిగా రెండు వైపులా చేతికి తగలాలి. పదకొండు వచ్చినా ఒకవైపు తగిలి రెండో వైపు తగలకపోతే పెద్దపాప చెకప్‌కి వచ్చే రోజునే దాన్ని కూడా తీసుకురండి, ఆ సీడీ మర్చిపోకుండా.